కాలేయవ్యాధి – దేహముపై కనిపించు గుర్తులు

ఉర్దూ మాటలాడు ఇండ్లలో బిడ్డను ముద్దుచేయునపుడు ‘లఖ్తె జిగర్’ అందురు. కాలేయపు తునక అని దాని అర్థము. ప్రాణస్నేహితుడు ‘జిగ్రీ దోస్తు’. ధైర్యమునకును ప్రేమకును ఓర్పునకును జిగర్‌నే నిలయముగా ఉర్దూ కవులు చెప్పుకొనిరి. మొరాదాబాదు కవి యొకరు ఆ మాటనే కలంపేరుగా ధరించి ‘జిగర్ మొరాదాబాదీ’ అయిరి. తెలుగువారు ఈ గౌరవమునంతయు గుండెకే కట్టబెట్టి, కాలేయమును మాంసపు దుకాణములో ‘కార్జము’ అని అడుగుటతో సరిపెట్టిరి. వైద్యశాస్త్ర దృష్టితో చూచిన, ఓర్పు విషయమున ఉర్దూవారి మాటయే న్యాయముగా తోచును. గుండె చిన్న కష్టమునకే దడదడ కొట్టుకొని చాటును. కాలేయము మాత్రము సగమునకు పైగా చెడినను నోరు మెదపదు. ఆ ఓర్పే మనకు ప్రమాదకరము.

కాలేయము తానుగా చెప్పని సంగతిని దేహములోని ఇతర భాగములు చెప్పును. కన్ను, గోరు, అరచేయి, పాదము, నిద్ర, తుదకు చేతివ్రాత కూడ ఆ కబురు మోసికొని వచ్చును. ఇవి డాక్టరు కంటె ముందుగా ఇంటివారికిని, తరగతిలో ప్రక్కన కూర్చున్నవారికిని కనబడు గుర్తులు. అందుచేతనే వీనిని గురించి విద్యార్థుల పత్రికలో వ్రాయుట అవసరమని తలచితిమి. కనబడిన గుర్తును సైతము లెక్కచేయకుండుటకు మన ఇండ్లలో రెండు అపోహలు కారణమగుచున్నవి. కామెర్లకు పసరు తప్ప వేరు మందు లేదనునది మొదటిది. మద్యము ముట్టనివారికి కాలేయవ్యాధి రాదనునది రెండవది. రెండును ప్రాణములు తీయుచున్నవి.

కాలేయము ఉదరములో కుడిప్రక్కన, ప్రక్కటెముకల చాటున, ఊపిరితిత్తుల క్రింది పొరను ఆనుకొని ఉండును. పెద్దవారిలో దాని బరువు 1,200 మొదలు 1,500 గ్రాముల వరకు ఉండును. నిమిషమునకు సుమారు ఒకటిన్నర లీటరు రక్తము దీనిగుండా ప్రవహించును. ఇందులో నాలుగింట మూడువంతులు ప్రేగులనుండి వచ్చు రక్తమే. అనగా మనము తిన్నది, త్రాగినది, మ్రింగిన మాత్ర, చాలవరకు మొదట ఈ తనిఖీ గేటు దాటి కాని మిగిలిన దేహమునకు చేరవు. పైత్యరసము తయారుచేయుట, చక్కెరను నిలువచేయుట, రక్తము గడ్డకట్టుటకు వలసిన పదార్థములను, ఆల్బుమిన్ అను మాంసకృత్తును నిర్మించుట, విషములను విరుచుట, ఇవన్నియు దీని పనులే. కాలేయపు లోపలి భాగమునకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసినది దానిని కప్పియున్న పలుచని పొరకే. అదిగాక దానికి నిలువ శక్తి మెండు. ఆరోగ్యవంతుని కాలేయములో సగమునకు పైగా కోసి మరియొకరికి దానము చేసినను, మిగిలినది కొలది నెలలలో పెరిగి పని నెరవేర్చును. ఇంతటి శక్తి గల అవయవము పైకి గుర్తులు చూపినదనగా, లోపల జరిగినది చిన్న విషయము కాదని గ్రహింపవలెను.

గుర్తులన్నిటిలో ప్రసిద్ధమైనది పచ్చదనము. తెలుగున కామెర్లు, సంస్కృతమున కామల, యునానీ వైద్యమున యర్ఖాన్. పేరేదైనను ఇది రోగము కాదు, రోగచిహ్నము. ఈ భేదము తెలియకనే సగము అనర్థము జరుగుచున్నది. రక్తములోని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రతికి శిథిలమగును. అందలి ఎఱ్ఱని పదార్థము విరిగి బిలిరుబిన్ అను పసుపువన్నె పదార్థముగా మారును. కాలేయము దానిని పట్టి, నీటిలో కరుగునట్లు మార్చి, పైత్యరసముతో కలిపి ప్రేగులలోనికి పంపును. మలమునకు గోధుమవన్నె వచ్చుట ఈ పదార్థము వలననే. కాలేయకణములు చెడినను, పైత్యరసము పోవు నాళము రాతిచేత గాని గడ్డచేత గాని మూసికొనిపోయినను, ఈ పసుపు వెనుకకు మరలి రక్తములో నిండును. ఎఱ్ఱకణములే మితిమీరి చెడిపోయినపుడు కూడ, కాలేయము బాగుగనే ఉన్నను, పచ్చదనము రావచ్చును. రక్తములో బిలిరుబిన్ సాధారణముగా 100 మిల్లీలీటర్లకు ఒక మిల్లీగ్రాము లోపుగా ఉండును. అది రెండు మూడు మిల్లీగ్రాములు దాటినగాని కంటికి కనబడదు.

దీనిని చూడవలసిన చోటు కంటిలోని తెల్లగ్రుడ్డు. రెప్పను క్రిందికి లాగి లోపలి ఎఱ్ఱదనము చూచుట రక్తహీనతకు. కామెర్లకు పై రెప్పను ఎత్తి, రోగిని క్రిందికి చూడుమని చెప్పి, తెల్లగ్రుడ్డు పై భాగమును చూడవలెను. పగటి వెలుతురులోనే చూడవలెను. రాత్రి పసుపువన్నె బల్బు క్రింద అందరి కన్నులును పచ్చగనే తోచును. బాగుగా ముదిరిన కామెర్లు సైతము ఆ వెలుగులో మరుగుపడును. చర్మము చామనచాయగా ఉన్న మనవంటి వారిలో చర్మపు పచ్చదనమును నమ్ముట కష్టము. బొప్పాయి, క్యారెట్టు విరివిగా తినువారికి అరచేతులు, అరికాళ్లు పసుపురంగు తేలును. అట్టివారి కన్ను మాత్రము తెల్లగనే ఉండును. అది వ్యాధి కాదు.

కన్నుతో పాటు మూత్రమును, మలమును కూడ గమనించుట తప్పనిసరి. చెప్పుటకు సిగ్గుపడి చాలమంది ఈ రెండింటిని దాచుదురు. కాలేయమునకు సోకిన వైరస్ జ్వరములలో కన్ను పచ్చబారుటకు ఒకటి రెండు దినములు ముందుగనే మూత్రము చిక్కని డికాషన్ రంగునకు తిరుగును. అన్నము చూచిన డోకు వచ్చును. చుట్ట, బీడీ త్రాగువానికి వాని వాసనయే రోతగా తోచును. ఇక పైత్యరసనాళము మూసికొనిపోయినచో, మలము రంగు కోల్పోయి సుద్దవలె తెల్లబారును. చరకసంహితలో కామలను రెండుగా విభజించి, ఒకదానిలో మలము నువ్వుల పిండివలె ఉండునని వ్రాసిరి. నాళము మూసికొనుటయే కారణమని నేటి శస్త్రవైద్యుడు చెప్పు సంగతికి అది ఎంత సన్నిహితమైన పరిశీలనమో చూడుడు! పరీక్షానాళికలు లేని కాలమున ఆ వైద్యులు చూచుటకు సిగ్గుపడలేదు. మనము సిగ్గుపడుట ఎందులకు?

మూత్రము రంగు మారిన ప్రతిసారియు భయపడనక్కరలేదు. బి-కాంప్లెక్సు మాత్ర వేసికొనిన దినమున మూత్రము నిమ్మపండు రంగున ఉండును. క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్ అను మందు మూత్రమును, చెమటను, కన్నీటిని సైతము నారింజ రంగునకు త్రిప్పును. దీనిని కామెర్లని భ్రమించి క్షయమందు మధ్యలో మానివేయువారు కలరు. అది గొప్ప పొరపాటు. అయితే ఈ మందే, దానితో కలిపి ఇచ్చు ఐసోనియాజిడ్, పైరజినమైడ్ అను మందులతో పాటు, కొందరిలో నిజముగనే కాలేయమును బాధించును. మూత్రము నారింజగా ఉండి, ఆకలి బాగుగ ఉండి, కన్ను తెల్లగ ఉన్నచో మందు సాగింపవలెను. ఆకలి చచ్చి, వాంతులు పట్టి, కన్ను పచ్చబారినచో తరువాతి మోతాదు వేసికొనక ఆనాడే మందిచ్చిన కేంద్రమునకు పోవలెను. ఈ చిన్న భేదము క్షయరోగి యున్న ప్రతి ఇంటివారును ఎరిగియుండదగినది.

పసిబిడ్డల సంగతి వేరు. పుట్టిన రెండవ మూడవ దినమున వచ్చి రెండు వారములలో పోవు పచ్చదనము చాలమంది బిడ్డలకు సహజము. పుట్టిన 24 గంటలలోనే పచ్చబారినను, రెండు వారములు దాటినను పోకున్నను ఉపేక్షింపరాదు. ముఖ్యముగా మలము తెల్లగను, మూత్రము గుడ్డకు పసుపు మరక అంటునట్లును ఉన్నచో పైత్యనాళములు మూసికొని పోయియుండవచ్చును. జపాను శస్త్రవైద్యుడు మోరియో కసాయి 1950ల నాటి చివరలో కనిపెట్టిన శస్త్రచికిత్స ఇట్టి బిడ్డలకు ఆధారము. కాని 60 దినములలోపు చేసిననే దాని ఫలితము మెండు. ‘ఎండలో పెట్టుడు, అదే పోవును’ అని పెద్దలు చెప్పు మాట మొదటి వారమునకు సరిపోవచ్చును గాని, తెల్లని మలము పోయు బిడ్డను ఎండలో పెట్టుచు రెండు నెలలు గడపుట ఆ అవకాశమును చేజేతుల జారవిడుచుటయే.

ఇక పసరు విషయము. కంటిలో ఆకుపసరు పిండుట, చేతిమీద వాతపెట్టుట, మెడలో మూలికల దండ వేయుట, ఇవి మన ప్రాంతములన్నిటను కలవు. చేతులకు మామిడిబెరడు రసము పూసి, సున్నపునీటితో కడిగి, పళ్లెములోనికి దిగిన పచ్చని నీటిని చూపి ‘కామెర్లు దిగినవి’ అనువారును కలరు. ఆ పచ్చదనము బెరడురసము సున్నముతో కలియుటవలన పుట్టిన రంగే గాని, రోగి రక్తమునుండి వచ్చినది కాదు. ఆరోగ్యవంతుడు కడిగినను అదే రంగు వచ్చును. సందేహమున్నవారు మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో చేసి చూడవచ్చును.

అయినను ఈ చికిత్సలకు ఇంత పేరు ఎట్లు వచ్చినది? మాయ ఏమియు లేదు. కలుషితమైన నీటివలన వచ్చు ఏ, ఇ అను రెండు రకముల కాలేయ వైరస్ జ్వరములు చాలమందిలో ఏ మందు లేకున్నను కొలది వారములలో తగ్గిపోవును. మూడవ వారమున పసరు పోసినవానికి నాలుగవ వారమున పేరు వచ్చును. తగ్గని కొద్దిమంది సంగతి ఊరిలో ఎవరును చెప్పుకొనరు. ‘ఆలస్యముగ వచ్చిరి’ అని పసరువైద్యుడే సమాధానము చెప్పును. ఆ కొద్దిమందిలోనే బి రకము రోగి, రాయి అడ్డుపడిన రోగి, క్యాన్సరు రోగి, గర్భిణి ఉందురు.

గర్భిణి అని ఊరకే వ్రాయలేదు. 1955-56 శీతాకాలమున ఢిల్లీ నగరమున యమునానది నీటిలో మురుగు కలిసి, సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చినవి. 1978లో కాశ్మీరు లోయలో అట్టిదే మరియొక పెద్ద మహమ్మారి చెలరేగినది. అక్కడి వైద్యుడు మొహమ్మద్ సుల్తాన్ ఖురూ ఊరూర తిరిగి పరిశోధించి, ఇది అప్పటికి తెలిసిన రకములలో చేరనిదని 1980లో ప్రకటించెను. అదియే నేడు ఇ రకమని పిలువబడుచున్నది. ఇతరులలో నూటికి ఒకరినైనను తీసికొనిపోని ఈ జ్వరము, నిండునెలల గర్భిణులలో నూటికి 20 మంది వరకు బలిగొనును. కడుపుతో నున్న స్త్రీకి కన్ను పచ్చబారినచో పసరుకు గాని పథ్యమునకు గాని వ్యవధి లేదు. ప్రసూతి సౌకర్యము గల పెద్ద ఆసుపత్రికే నేరుగ పోవలెను.

పథ్యమనగా గుర్తువచ్చినది. కామెర్లు వచ్చినవానికి ఉప్పు, నూనె, పసుపు మాన్పించి, వారముల తరబడి గంజితో ఉంచుట మన ఇండ్లలో ఆచారము. కూరలోని పసుపునకును రక్తములోని బిలిరుబిన్‌నకును రంగు తప్ప వేరు బంధుత్వము లేదు. దెబ్బతిన్న కాలేయము కోలుకొనుటకు ఆహారము కావలెను. రోగి తినగలిగినది, ఇంటిలో వండినది, కొద్దికొద్దిగా పలుమారులు పెట్టుట మంచిది. మద్యమును, డాక్టరు చెప్పని మాత్రలను మాత్రము తప్పక మానవలెను.

చర్మముమీది గుర్తులను క్లుప్తముగ చెప్పెదము. దద్దుర్లు లేకయే ఒడలెల్ల దురద, అందును రాత్రివేళ అరచేతులలో, అరికాళ్లలో హెచ్చగు దురద, పైత్యరసము నిలిచిపోయినదనుటకు గుర్తు కావచ్చును; గర్భిణికి చివరి నెలలలో ఇట్టి దురద వచ్చిన రక్తపరీక్ష చేయింపవలెను. దీర్ఘకాలపు వ్యాధిలో మెడమీద, రొమ్ముపైభాగమున సాలెపురుగు ఆకారముగ ఎఱ్ఱని సన్నని రక్తనాళములు కనిపించును. నడిమి చుక్కను పెన్సిలు మొనతో అదిమిన మాయమై, వదలిన నడుమనుండి అంచులకు మరల పారును. అరచేతి రెండు అంచులు ఎఱ్ఱబారుట, గోళ్లు చివర సన్నని గీత తప్ప తక్కినదంతయు పాలవలె తెల్లబడుట మరి రెండు. ఈ తెల్లగోళ్లను టెర్రీ అను వైద్యుడు 1954లో వర్ణించెను. పుస్తకములలోని బొమ్మలు తెల్లవారి చర్మముపై తీసినవి కనుక, మన చర్మముపై ఈ ఎఱ్ఱదనము అంత స్పష్టముగ తెలియదు. ఆరోగ్యవంతులలోను, గర్భిణులలోను కూడ ఇవి కొన్ని కనిపించుచుండును. కావున గోరు తెల్లగ ఉన్నదని ఎవరును నిద్రమానుకొననక్కరలేదు. ఒక గుర్తు సాక్ష్యము, రెండు మూడు కలిసిననే తీర్పు.

చిన్న గాయమునకే రక్తము ఆగకపోవుట, పండ్లు తోముకొనునపుడు చిగుళ్లనుండి తరచుగ కారుట, దెబ్బ తగిలినట్లు గుర్తులేకయే ఒంటిపై నల్లని మచ్చలు తేలుట, ఇవి గోళ్లకంటె గట్టి సాక్ష్యములు. రక్తము గడ్డకట్టుటకు వలసిన సరకు కాలేయపు కర్మాగారమునుండి రాకపోవుట వలన ఇట్లు జరుగును.

కాలేయము గట్టిపడి ముడుతలుపడిన స్థితిని సిర్రోసిస్ అందురు. అప్పుడు ప్రేగులనుండి వచ్చు రక్తమునకు దారి ఇరుకగును. నీరు పొట్టలోనికి ఊరును. కాళ్లు వాచి, వ్రేలితో అదిమిన సొట్టపడును. చేతులు, భుజములు చిక్కి, పొట్టమాత్రము ఉబ్బుట దీని లక్షణము. ‘లావెక్కుచున్నాడు’ అని ఇంటివారు సంతోషించుట కూడ కద్దు! లుంగీ ముడి బిగియుచున్నను జబ్బసత్తువ తగ్గుచున్నచో అది లావు కాదు, నీరు. మనవారు దీనిని జలోదరమనిరి. యునానీ వైద్యులు ‘ఇస్తిస్కా’ అనిరి. నీటిని కోరుట అని దాని అర్థము. వానలకై చేయు నమాజునకును ఇదే పేరు. లోపల నీరు నిండియున్నవానికి నీటిని కోరు పేరు పెట్టుటలో ఎంత బాధ ఇమిడియున్నదో ఉర్దూ విద్యార్థులు గ్రహింపగలరు. దేహముపై వ్రేలు కొట్టి, ధ్వనినిబట్టి లోపలి స్థితిని కనుగొను పద్ధతిని 1761లో ఆయెన్‌బ్రుగ్గర్ అను వియన్నా వైద్యుడు ప్రకటించెను. ఆయన తండ్రి పూటకూళ్లయిల్లు నడిపినవాడు, పీపాలను తట్టి అందలి సరకు మట్టము తెలిసికొనుట ఆ వృత్తివారికి అలవాటే.

ప్లీహము పెరిగి ఎడమప్రక్క గట్టిగా తగులుటను పల్లెలలో ‘కడుపులో బల్ల’ అందురు. అదియును ఈ రక్తపు దారి ఇరుకగుట వలన రావచ్చును. అన్నవాహికలోని రక్తనాళములు ఉబ్బి ఒక్కసారిగ చిట్లినచో నెత్తురు వాంతియగును, లేదా మలము తారువలె నల్లగ, జిగటగ, దుర్వాసనతో పోవును. ఇది కనిపించిన రేపు అనుటకు వీలులేదు. 108కు ఫోను చేయవలసిన ఘడియ అది.

అన్నిటికంటె విచిత్రమైనవి మనస్సునకు సంబంధించిన గుర్తులు. ప్రేగులలో పుట్టు విషములను కాలేయము విరువలేనపుడు అవి మెదడునకు చేరును. పగలు మగత, రాత్రి మేలుకొనుట ఇందు తొలి సూచన. తరువాత మాట తడబడును, లెక్క తప్పును, శాంతస్వభావుడు కోపిష్ఠి యగును. చేతులు ముందుకు చాచి, మణికట్టువద్ద పైకి వంచి ఉంచుమనిన, అవి పక్షి రెక్కలవలె అప్పుడప్పుడు క్రిందికి వాలి మరల లేచును. ఐదుకోణముల నక్షత్రమును దినమునకొకటి గీయించి, గీత వంకరపోవుచున్నదేమో చూచుట ఆసుపత్రులలో పాతకాలపు సులువైన పరీక్ష. కామెర్లు వచ్చినవాడు మగతగ పడుకొని, పిలిచిన పొంతనలేని మాటలాడినచో, నీరసమని ఊరకుండక గంటలలోనే ఆసుపత్రి చేర్చవలెను.

చేతివ్రాత అనగానే ఉపాధ్యాయులకు, కళాశాల కార్యవర్గమువారికి ప్రత్యేకముగ ఒక మనవి చేయవలసియున్నది. విల్సన్ వ్యాధి అను ఒక అరుదైన రోగము కలదు. లండనులో సామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ 1912లో దీనిని వర్ణించెను. ఆహారములోని రాగిని పైత్యరసము ద్వారా బయటికి పంపు శక్తి ఈ రోగులకు పుట్టుకతోనే ఉండదు. రాగి మొదట కాలేయములోను, పిదప మెదడులోను, కంటిలోను పేరుకొనును. ఇది బయటపడు వయస్సు తరచుగ మన విద్యార్థుల వయస్సే. బాగుగ చదువు పిల్లవాని వ్రాత చెడును, చేయి వణకును, మాట ముద్దగ వచ్చును, చొంగ కారును, మార్కులు పడిపోవును, అకారణముగ కోపము వచ్చును. కొందరిలో ఇవేవియు లేక, చిన్నవయస్సుననే కామెర్లు గాని పొట్టలో నీరు గాని మొదటిగ కనబడును. తరగతిలో వానిని సోమరి యందురు. బయట మత్తుమందునకు అలవాటుపడెనందురు. ఇంట గాలి సోకినదందురు. దర్గాకు గాని దేవాలయమునకు గాని పోవుటను మేము తప్పుపట్టము. పోవు దారిలో నేత్రవైద్యుని వద్ద ఒక పావుగంట ఆగుమని మాత్రమే కోరుచున్నాము. నల్లగ్రుడ్డు అంచున రాగివన్నె వలయమొకటి అతని యంత్రములో కనబడవచ్చును. కైజర్ 1902లోను, ఫ్లైషర్ 1903లోను దీనిని గుర్తించిరి. వారి పేరనే అది నేటికిని పిలువబడుచున్నది.

1956 వరకు ఈ వ్యాధి దాదాపు మరణశాసనమే. ఆ యేట జాన్ వాల్ష్ అను ఆంగ్లవైద్యుడు పెనిసిల్లమిన్ అను మందు రాగిని మూత్రము ద్వారా వెడలగొట్టునని చూపెను. నేడు మరికొన్ని మందులు, జింకు లవణములు కూడ కలవు. ముదరకముందే ఆరంభించి, జీవితాంతము మానక వాడినచో రోగి చదివి, ఉద్యోగము చేసి, సంసారము నడపవచ్చును. తల్లిదండ్రులిద్దరును పైకి ఆరోగ్యముగనే ఉండి, ఒక్కొక్క దోషపు జన్యువును మోయుచున్నపుడే ఈ రోగము బిడ్డకు వచ్చును. అట్టి దంపతులకు ప్రతి కాన్పునను నాలుగింట ఒక వంతు అవకాశము. రక్తసంబంధులలో వివాహమైన ఇండ్లలో ఇట్టి దోషము ఇరువైపుల కలియుట హెచ్చు. మేనరికము తెలుగువారికి, పినతండ్రి పెదతండ్రి బిడ్డల మధ్య నిఖా ముస్లిం కుటుంబములకు కొత్తవి కావు. వానిని విమర్శించుటకు ఇది చోటు కాదు. ఒక బిడ్డకు ఈ వ్యాధి తేలినపుడు, గుర్తులేవియు లేకున్నను, తోడబుట్టినవారందరికి పరీక్ష చేయించుట మాత్రము తప్పనిసరి. రెండవ బిడ్డకు గుర్తులు రాకముందే మందు మొదలుపెట్టిన అసలు రోగమే పైకి రాదు.

ఇక మిగిలినది రెండవ అపోహ. మద్యము కాలేయమును నాశనము చేయుననుట పరమసత్యము. మద్యమొక్కటే నాశనము చేయుననుట అసత్యము. దీని ఫలితమేమన, జీవితమున ఒక్క చుక్క ముట్టనివానికి సిర్రోసిస్ తేలినపుడు, ‘రహస్యముగ త్రాగెనేమో’ అని బంధువులు గుసగుసలాడుదురు. ఆ నిందకు వెరచి ఇంటివారు రోగమును దాచుదురు, దూరపు ఊరిలో మందు వాడుదురు, వధూవరుల సంబంధములు చెడునని భయపడుదురు. ధర్మము తప్పని మనుష్యుడు ధర్మము తప్పినవానివలె తలవంచుకొని చనిపోవుట కంటె అన్యాయమేమున్నది?

అట్టివారిలో రెండు కారణములు ముఖ్యములు. ఒకటి, బి, సి రకముల వైరస్‌లు. ఇవి రక్తముద్వారా, శుద్ధిచేయని సూదులు, క్షౌరశాల కత్తులు, చెవులు కుట్టు సూదులద్వారా, సంభోగముద్వారా, ప్రసవమున తల్లినుండి బిడ్డకు సోకును. కలిసి భోజనము చేయుట వలనను, చేయి కలుపుట వలనను సోకవు. బారుక్ బ్లంబర్గ్ 1960లలో బి రకపు ఆనవాలును రక్తములో కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందెను. రెండవ కారణము కాలేయమున క్రొవ్వు చేరుట. చక్కెరవ్యాధి, నడుము చుట్టు క్రొవ్వు, కదలని జీవితము దీనికి మూలములు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్తపడవలెను. యువతీయువకులలో మరియొక గుర్తు కలదు: మెడవెనుక, చంకలలో చర్మము నల్లబడి, మఖమలువలె మందమగుట. అది మురికియని సబ్బుతో, సున్నిపిండితో తోమి తోమి పుండు చేసికొనువారిని చూచుచున్నాము. అది మురికి కాదు. దేహము ఇన్సులిన్‌ను సరిగా వినియోగించుకొనలేకపోవుటకు అది గుర్తు. అట్టివారి కాలేయమున క్రొవ్వు చేరియుండుటయు తరచే. తోమవలసినది మెడను కాదు, తగ్గింపవలసినది బరువును. దేహభారములో పదింట ఒకవంతు తగ్గించినచో కాలేయములోని క్రొవ్వు చాలవరకు తొలగును.

బి రకమునకు టీకా కలదు. హైదరాబాదు చేరువలోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో జన్యువిధానమున తయారుచేసిన స్వదేశీ టీకాను వెలువరించి, దిగుమతి టీకా ధరకంటె ఎంతో తక్కువకు అందించినది. 2011 నాటికి ఈ టీకా దేశమంతట శిశువుల ఉచిత టీకాలలో చేరినది. నేడు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు 24 గంటలలోనే మొదటి మోతాదు ఇచ్చుచున్నారు. అయితే అంతకుముందు పుట్టినవారిలో చాలమందికి ఇది అందలేదు. నేడు మన తరగతులలో కూర్చున్నవారు అనేకులు ఆ సంవత్సరములలో పుట్టినవారే. పెద్దవారికి మూడు మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరవ నెలలో మూడవది. వేయించుకొనుటకు ముందు ఒక చిన్న రక్తపరీక్షతో వైరస్ ఇదివరకే ఉన్నదీ లేనిదీ తెలిసికొనుట మంచిది. ఉన్నట్లు తేలినను నిరాశ వలదు. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో బి, సి రకములకు పరీక్షలు, మందులు ఉచితముగ లభించుచున్నవి. సి రకము మూడు నెలల మాత్రలతో దాదాపు అందరిలోను పూర్తిగ నయమగుచున్నది. బి రకమును నిర్మూలించుట అరుదైనను, మాత్రలతో అదుపులో ఉంచవచ్చును. తండ్రికి గాని తల్లికి గాని బి రకమున్నట్లు తెలిసిన విద్యార్థులు తమ రక్తపరీక్షను పరీక్షల సెలవులవరకు వాయిదా వేయక ఈ వారమే చేయించుకొనవలెను.